కెమెరా అలర్ట్‌ల గోల తగ్గేలా మోషన్ సెన్సిటివిటీ ఎలా సెట్ చేయాలి?

సైనిక్‌పురిలో మా గేటు ముందు కానుగ చెట్టు ఉంది. కెమెరా పెట్టిన కొత్తలో కొమ్మ ఊగినప్పుడల్లా ఫోన్ మోగేది. విసుగొచ్చి అలర్ట్‌లు ఆపేశాం. ఆ వారంలోనే రాత్రిపూట ఎవరో మా సైకిల్ ఎత్తుకెళ్లారు. వీడియో రికార్డయింది గానీ, తెల్లారేదాకా మాకు తెలియలేదు. అందుకే చెబుతున్నాను, అలర్ట్‌లు ఆపేయకండి, సరిచేయండి.

మామూలు మోషన్ డిటెక్షన్‌కు మనిషెవరో, కొమ్మేదో తెలియదు. దృశ్యంలో ఎన్ని పిక్సెళ్లు (బొమ్మలోని చిన్న చుక్కలు) మారాయో లెక్కపెడుతుంది, అంతే.

ఎంత చిన్న కదలికకు అలర్ట్ రావాలో చెప్పే సెట్టింగే సెన్సిటివిటీ. ముందు దాని జోలికి వెళ్లకండి. కెమెరాను కాస్త కిందికి వంచి రోడ్డు, ఆకాశం తగ్గించండి. తర్వాత యాప్‌లో డిటెక్షన్ ఏరియా తెరిచి గేటు, మెట్లు మాత్రమే ఉంచి, చెట్టునూ బట్టలారేసే తీగనూ తీసేయండి. మా ఇంట్లో సగం గోల ఇక్కడే తగ్గింది.

ఇప్పుడు సెన్సిటివిటీని మధ్యలో పెట్టి, ఇంట్లో ఒకరిని గేటు నుంచి తలుపు దాకా నడవమనండి. అడ్డంగా నడిచే మనిషిని కెమెరా తేలిగ్గా పట్టుకుంటుంది, నేరుగా ఎదురొచ్చే మనిషిని పట్టుకోవడమే కష్టం. కాబట్టి రెండు రకాలుగానూ నడిపించాలి. అలర్ట్ రాకుండా పోయే దాకా సెన్సిటివిటీని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి ఒక మెట్టు పెంచి ఆపండి.

కొన్ని కెమెరాల్లో, సాఫ్ట్‌వేర్లలో సెన్సిటివిటీకి బదులు థ్రెషోల్డ్ ఉంటుంది, అంటే ఎన్ని పిక్సెళ్లు మారితే అలర్ట్ రావాలో చెప్పే హద్దు. అది తిరగేసిన లెక్క: అంకె పెరిగే కొద్దీ అలర్ట్‌లు తగ్గుతాయి. లినక్స్ కంప్యూటర్లకు ఉచితంగా దొరికే 'మోషన్' సాఫ్ట్‌వేర్‌లో అది మొదట 1500 పిక్సెళ్లుగా ఉంటుంది. 640×480 దృశ్యంలో ఉండేవి 3,07,200 పిక్సెళ్లు, అంటే అర శాతం మారినా చాలు. 1280×720కి మారితే మొత్తం మూడింతలవుతుంది, అర శాతమే కావాలంటే 4500 పెట్టాలి. రిజల్యూషన్ పెంచి దీన్ని మర్చిపోతే చిన్న కదలికకు కూడా మోగుతుంది. అందులోనే కనీసం ఎన్ని ఫ్రేముల్లో (వీడియోలోని ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) వరసగా కదలిక ఉండాలో చెప్పే సెట్టింగు 1గా ఉంటుంది. మూడుకో నాలుగుకో పెంచితే బండి హెడ్‌లైట్ క్షణకాలం పడినా అలర్ట్ రాకుండా ఉండే అవకాశం ఎక్కువ.

రాత్రి సంగతి వేరు. చీకట్లో చూడటానికి కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో లెన్స్ ముందు ఎగిరే పురుగు పక్షంత పెద్దగా కనిపిస్తుంది. తొలకరి తర్వాత ఉసిళ్లు లేచిన రాత్రి అయితే చెప్పనక్కర్లేదు. దీనికి సెన్సిటివిటీ తగ్గిస్తే మనిషి కూడా తప్పిపోతాడు. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ ఆపి, గేటు దగ్గర, కెమెరాకు కాస్త దూరంగా చిన్న బల్బు వేయండి. లెన్స్ చుట్టూ సాలెగూడు ఉంటే వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవండి.

ఒక రోజులో ఒకే సెట్టింగు మార్చి, ఏది ఎంత మార్చారో కాగితం మీద రాసుకోండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. అన్నీ కుదిరాయనిపించాక రాత్రి పదకొండు తర్వాత ముదురు రంగు బట్టలేసుకుని, గోడవారగా మెల్లగా నడిచి చూడండి. ఫోన్ మోగకపోతే సెన్సిటివిటీ ఇంకో మెట్టు పెంచండి.