టెర్మినల్ పాఠాలు – 5: ఫైళ్ల లోపల మాటను వెతకడం

పోయిన పాఠంలో ‘ఖర్చులు’ అనే ఫోల్డర్ చేసుకుని, అందులో జనవరి, ఫిబ్రవరి, మార్చి అని మూడు ఫైళ్లు పెట్టుకున్నాం. పేరు తెలిసిన ఫైలుని తెరవడం వచ్చేసింది. కానీ రోజూ ఎదురయ్యే ఇబ్బంది వేరు. ఎక్కడో రాసుకున్నామని తెలుసు, ఏ ఫైల్లో రాశామో గుర్తురాదు. అలాంటప్పుడు పనికొచ్చే కమాండే గ్రెప్.

ఎప్పటిలాగే కమాండ్లను పలికినట్టు తెలుగులో ఇస్తున్నాను. మీరు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి: జి, ఆర్, ఇ, పి. వెతికే మాటను మాత్రం తెలుగులోనే టైపు చేయాలి. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ గ్రెప్ ముందే ఉంటుంది. విండోస్ వాళ్లు మొదటి పాఠంలో పెట్టుకున్న ఉబుంటు (విండోస్ లోపలే నడిచే లినక్స్) విండో తెరవండి.

ఖర్చులు ఫోల్డర్‌లోకి వెళ్లి ఇది కొట్టండి:

గ్రెప్ -ఆర్ఎన్ "పుస్తకం" .

‘ఆర్’ అంటే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ, లోపలి ఫోల్డర్లతో సహా వెతకమని. ‘ఎన్’ లైను నంబరు కోసం. చివరి చుక్క ‘ఇప్పుడు నేనున్న ఫోల్డర్’ అని చెబుతుంది. ‘ఆర్’నీ చుక్కనీ రెండింటినీ మర్చిపోతే కర్సర్ అలా మిణుకుమంటూ ఉండిపోతుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయిందని టెన్షన్ పడక్కర్లేదు. మీరు ఏదో టైపు చేస్తారని ఎదురుచూస్తోంది, అంతే. కంట్రోల్ పట్టుకుని సి నొక్కితే బయటికొస్తుంది.

జవాబు ఇలా వస్తుంది:

./మార్చి:2:లెక్కల పుస్తకం 120

ఒక్కటే లైను. మరి జనవరిలో ‘పాపకి పుస్తకాలు 480’ అని రాశాం, ఫిబ్రవరిలో ‘పుస్తకానికి అట్ట 15’ అని రాశాం. అవేమయ్యాయి? గ్రెప్‌కి తెలుగు రాదు. ‘పుస్తకాలు’ అనేది ‘పుస్తకం’కి బహువచనమని దానికి తెలీదు. మనం ఇచ్చిన గుర్తులు అదే వరుసలో ఉన్నాయా లేదా అని మాత్రమే చూస్తుంది. అందుకే చివరి సున్నా తీసేయండి:

గ్రెప్ -ఆర్ఎన్ "పుస్తక" .

ఈసారి మూడూ దొరుకుతాయి. ‘పుస్తకాలు’లో ఉన్నది ‘కా’ కదా, ‘క’ ఎలా దొరికింది అనే అనుమానం రావాలి. తెర మీద ‘కా’ ఒకే అక్షరంలా కనిపిస్తుంది గానీ, ఫైల్లో అది రెండు గుర్తులు: ముందు క, దాని వెనక దీర్ఘం. అలాగే ‘ళ్ళ’ మూడు గుర్తులు: ళ, పొల్లు, మళ్లీ ళ. ఇది పట్టుబడితే తెలుగులో వెతకడం సగం వచ్చినట్టే. విభక్తి చేరినా, బహువచనమైనా మారని ముక్క ఎంతవరకో చూసుకుని అక్కడికి కత్తిరించి ఇవ్వాలి.

మరీ పొట్టిగా కత్తిరిస్తే చెత్తంతా వస్తుంది. ‘రామ’ అని వెతికితే రామయ్యతోపాటు విరామం, పరామర్శ కూడా వరస కడతాయి.

కొన్ని మాటలు కత్తిరింపుకి లొంగవు. ఇల్లు కాస్తా ఇంటి, ఇంట్లో, ఇళ్లు అయిపోతుంది. పైగా కొందరు ‘ఇళ్లు’ అని, కొందరు ‘ఇళ్ళు’ అని రాస్తారు. ఒకే మనిషి రెండు రకాలుగా రాయడమూ మామూలే. అలాంటి చోట పెద్ద ‘ఇ’ కలపండి:

గ్రెప్ -ఆర్ఎన్ఇ "ఇల్లు|ఇంటి|ఇంట్లో|ఇళ్[లళ]" .

నిలువు గీతకి ‘లేదా’ అని అర్థం. చదరపు బ్రాకెట్లలో ఉన్నవాటిలో ఏ ఒక్కటి ఉన్నా సరిపోతుంది.

ఇంకో చిక్కు కంటికే కనపడదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్నప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెడతాయి. మీరు అది లేకుండా వెతికితే ఎదురుగా ఉన్న మాటే దొరకదు. "సాఫ్ట్.?వేర్" అని ఇవ్వండి, ‘ఇ’తోనే. చుక్క అంటే ఏదైనా ఒక గుర్తు, ప్రశ్నార్థకం అంటే అది ఉన్నా సరే, లేకపోయినా సరే.

చుక్కకి ఈ అర్థం ఉంది కాబట్టి అంకెలతో జాగ్రత్త. 12.50 కోసం వెతికితే 12750 కూడా వస్తుంది. చుక్కని చుక్కగానే చూడమనడానికి పెద్ద ‘ఎఫ్’ ఉంది: గ్రెప్ -ఆర్ఎన్ఎఫ్ "12.50" . (ఇందులో ఎఫ్ ఒక్కటే పెద్దక్షరం. పైన వాడిన ‘ఇ’ కూడా పెద్దదే, చిన్నది కొడితే పని వేరు.)

గ్రెప్ 1973 నాటిది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, అక్కడి ఈడీ అనే ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని వేరుచేసి దీన్ని తయారుచేశాడు. ఆ ఎడిటర్‌కి పెద్ద ఫైళ్లు మెమరీలో పట్టేవి కావు. గ్రెప్‌కి ఆ బాధ లేదు, లైను తర్వాత లైను చదువుకుంటూ పోతుంది. దీనివల్ల మనకొక పరిమితి ఉంది. ‘కరెంటు’ ఒక లైను చివర, ‘బిల్లు’ తర్వాతి లైను మొదట ఉంటే "కరెంటు బిల్లు" దొరకదు. లెక్కపెట్టే ‘సి’ కూడా లైన్లనే లెక్కపెడుతుంది. ఒకే లైన్లో పుస్తకం రెండుసార్లున్నా దాని లెక్కలో ఒకటే.

వర్డ్ ఫైళ్ల జోలికి గ్రెప్‌తో వెళ్లకండి. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్, లోపలి అక్షరాలు కుదించి ఉంటాయి. ‘అను’ ఫాంట్లతో చేసిన పాత డీటీపీ ఫైళ్లలోనూ అంతే. ఆ ఫాంట్ ఉంటేనే తెలుగులా కనిపిస్తాయి గానీ, లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

సాధన: మూడు ఫైళ్లలోనూ నీటి ఖర్చులు రాయండి. ఒకచోట ‘నీళ్ల క్యాన్’, ఇంకోచోట ‘నీళ్ళ ట్యాంకర్’, మరోచోట ‘తాగునీరు’ అని. మార్చిలో ‘పన్నీరు సీసా 60’ అని కూడా చేర్చండి. ఇప్పుడు పన్నీరు రాకుండా నీళ్లన్నీ పట్టుకోవాలి. ఫలితాన్ని పైపుతో (కోట్స్ బయట, రెండు కమాండ్ల మధ్య పెట్టే నిలువు గీత) ఇంకో గ్రెప్‌కి పంపి, అక్కడ ‘వి’ వాడి చూడండి. ‘వి’ పెడితే ఆ మాట లేని లైన్లే మిగులుతాయి.

వచ్చే పాఠం సెడ్, దొరికిన మాటను మార్చడం. గ్రెప్ ఫైలుని చూస్తుందే గానీ ముట్టుకోదు, సెడ్ మార్చేయగలదు. ఆ పాఠానికి వచ్చేలోపు ఖర్చులు ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.