కొత్తగా చేరినవాళ్లకు రోజూ 15 నిమిషాలు ఇవ్వండి

మీ టీమ్‌లోకి కొత్తవాళ్లు వస్తుంటే, "ఏ డౌట్ ఉన్నా మొహమాటపడకుండా అడగండి" అని చెప్పి వదిలేయకండి. చాలామంది అడగరు. పక్కవాళ్లు పనిలో మునిగిపోయి ఉంటే, ఇంత చిన్న విషయానికి కదిలించడం ఎందుకులే అని గంటలకొద్దీ తామే తంటాలు పడతారు.

దాని బదులు మొదటి రెండు వారాలు రోజూ ఒకే టైమ్‌కి 15 నిమిషాలు వాళ్ల పక్కన కూర్చోండి. మేనేజర్ కాకుండా, అదే పని చేసే తోటి ఉద్యోగి కూర్చుంటే ఇంకా మంచిది. జీతం పెంచే మనిషి ముందు "నాకిది తెలీదు" అనడం ఎవరికైనా కష్టమే కదా! "అర్థమైందా?" అంటే తలూపేస్తారు. "నిన్న ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగి చూడండి. సెలవు కావాలంటే ఎవరికి చెప్పాలి, మీటింగ్‌లో అందరూ వాడే ఆ పొట్టి పేర్లకు అర్థమేంటి లాంటివన్నీ అప్పుడే బయటికొస్తాయి. వాటిని ఒకచోట రాసిపెట్టండి, తర్వాత చేరేవాళ్లకు పనికొస్తాయి.

లాప్‌టాప్, లాగిన్‌లు మాత్రం ముందురోజే సిద్ధంగా ఉంచండి. ఎంతో ఉత్సాహంగా వచ్చిన మనిషి మొదటి రోజంతా పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.