రోడ్డును చదవడం, మూడో పాఠం: బండి వేగాన్ని కొలవడం

మొదటి పాఠంలో మన వీధిని కాగితం మీద కొలతలతో గీసుకున్నాము. రెండో పాఠంలో గంటకు ఎన్ని బండ్లు పోతున్నాయో, ఎంతమంది రోడ్డు దాటుతున్నారో లెక్క రాసుకున్నాము. ఆ రెండు పనులకూ ఓపిక ఉంటే చాలు. ఈ పాఠంలోని పనికి ఓపికతో పాటు పద్ధతి కూడా కావాలి, ఎందుకంటే వేగం విషయంలో మన కన్ను మనల్ని తరచుగా మోసం చేస్తుంది. పెద్ద చప్పుడుతో వచ్చే పాత ఆటో వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. మెత్తగా జారిపోయే కొత్త కారు దానికంటే ఎక్కువ వేగంతో పోతున్నా మనకు తెలియదు.

కొన్నేళ్ల కిందట కర్నూలులో మా వీధివాళ్లం ఒక బడి ముందున్న రోడ్డు గురించి అర్జీ రాసి, సంబంధిత కార్యాలయానికి తీసుకువెళ్లాము. బండ్లు విపరీతమైన వేగంతో పోతున్నాయని, పిల్లలు దాటలేకపోతున్నారని అందులో రాశాము. అర్జీ చదివిన అధికారి "ఎంత వేగం?" అని అడిగారు. అక్కడికి వెళ్లిన పన్నెండు మందిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. నేను ఈ పాఠాలు రాయడానికి ఆ ప్రశ్నే కారణం. అది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు చెప్పడం ఇంజనీరింగు చదవనివాళ్లకు కూడా సాధ్యమే.

చోటును ఎంచుకోవడం

కర్నూలులోని రాజ్ విహార్ కూడలి వంటి రద్దీ చోట వేగం కొలవడం వల్ల ప్రయోజనం లేదు. అక్కడ బండ్లు ఒకదాని వెనుక ఒకటి పాకుతూ ఉంటాయి కాబట్టి, డ్రైవరు ఎంత వేగంతో పోవాలనుకుంటున్నాడో కాక ముందున్న బండి ఎంత పోనిస్తుందో మాత్రమే మనకు దొరుకుతుంది. మలుపుకు, సిగ్నలుకు, స్పీడ్ బ్రేకరుకు దూరంగా, తిన్నగా, ఎత్తుపల్లాలు లేకుండా సాగే ముక్కను ఎంచుకోవాలి. బడి గేటో, ఆసుపత్రి గుమ్మమో ఆ ముక్కలో ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మనకు కావలసింది అక్కడి వేగమే.

కర్నూలు, అనంతపురం ఊళ్లవాళ్లు మరొక విషయం గమనించాలి. రెండు ఊళ్లకూ 44వ నంబరు జాతీయ రహదారి ఆనుకొని ఉంది. ఆ రహదారి మీద చాలాసేపు ఎక్కువ వేగంతో వచ్చిన డ్రైవరు ఊరి రోడ్డులోకి దిగిన తరువాత కూడా కొంతదూరం వరకు తాను నెమ్మదిగానే పోతున్నానని అనుకుంటాడు. ఇది నిర్లక్ష్యం కాదు, కంటికి పట్టిన అలవాటు. గంటకు 90 కిలోమీటర్లకు అలవాటుపడిన కంటికి 60 కిలోమీటర్లు నడకలాగా కనిపిస్తాయి. అందువల్ల రహదారి నుంచి ఊళ్లోకి వచ్చే దారుల్లో మొదటి ముక్కను విడిచిపెట్టకుండా కొలవాలని నా గట్టి అభిప్రాయం.

గీతలు వేయడం

పద్ధతి చాలా పాతది, సులువైనది. రోడ్డు పక్కన తెలిసిన దూరంలో రెండు గీతలు గీసి, బండి మొదటి గీత నుంచి రెండో గీతకు చేరడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాము. దూరాన్ని కాలంతో భాగిస్తే సెకనుకు ఇన్ని మీటర్లని వస్తుంది, దాన్ని 3.6తో గుణిస్తే గంటకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది.

గీతల మధ్య దూరం ఎంత ఉండాలనే దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. ట్రాఫిక్ ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు సగటు వేగం 40 కిలోమీటర్ల లోపు ఉండే రోడ్డుకు 27 మీటర్లు, 40 నుంచి 65 వరకు ఉండే రోడ్డుకు 54 మీటర్లు, అంతకు మించితే 81 మీటర్లు తీసుకోమంటాయి. ఎందుకో ఒక లెక్కతో తెలుస్తుంది. ఒక బండి సరిగ్గా 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లు పోతున్నదనుకుందాం. 27 మీటర్లు దాటడానికి దానికి 1.8 సెకన్లు పడుతుంది. స్టాప్ వాచీ నొక్కడంలో మన వేలు 0.2 సెకను తొందరపడితే 1.6 సెకన్లు నమోదవుతుంది, వేగం దాదాపు 61 అని వస్తుంది. అంతే ఆలస్యమైతే 49 కూడా దాటదు. అదే 54 మీటర్ల దూరానికి ఆ బండికి 3.6 సెకన్లు పడుతుంది. అదే తప్పు జరిగినా జవాబు 51కీ 57కీ మధ్యనే ఉంటుంది. తప్పు చేసిన వేలు ఒకటే అయినా, దూరం పెరిగితే దాని ప్రభావం తగ్గుతుంది. అనుమానం ఉన్నప్పుడు పెద్ద దూరమే తీసుకోండి.

కొలవడానికి మేస్త్రీలు వాడే 30 మీటర్ల టేపు చాలు. మొదట 30, తరువాత 24 మీటర్లు కొలిచి, రెండు చివరలా రోడ్డు అంచున ముగ్గుపిండితో బెత్తెడు వెడల్పు గీత వేయండి. రోడ్డు మధ్యకు వెళ్లి గీయవద్దు. తెల్లవారుజామున, బండ్లు లేనప్పుడు మరొకరిని కాపలా ఉంచుకొని గీయండి. భద్రత కోసం చేసే పనిలో మనకే దెబ్బ తగలకూడదు.

ఇద్దరు మనుషులు కావాలి. మొదటి గీతకు సరిగ్గా ఎదురుగా నిలబడినవారు బండి ముందు చక్రం గీతను తాకగానే చేయి దించుతారు. రెండో గీత దగ్గర ఉన్నవారు ఆ చేయి చూసి వాచీ నొక్కి, చక్రం తమ గీతను తాకగానే ఆపుతారు. ఒక్కరే రెండు గీతలనూ ఏటవాలుగా చూస్తే, బండి గీత చేరకముందే చేరినట్టు, దాటిన తరువాత కూడా దాటనట్టు కనిపిస్తుంది. ఒక్కరే చేయవలసి వస్తే మేడ మీది నుంచి రెండు గీతలూ కనిపించేలా సెల్ ఫోనుతో వీడియో తీసి, తరువాత తీరికగా లెక్కించుకోవచ్చు. సెకనుకు 30 బొమ్మలు తీసే ఫోనులో ఒక్కో బొమ్మకు సెకనులో 30వ వంతు పడుతుంది కాబట్టి, వేలితో నొక్కడం కంటే అది చాలా నమ్మకమైనది.

వేపచెట్టు చాటునో, అంగడి అరుగు మీదనో కూర్చోండి. చేతిలో అట్ట, కాగితం పట్టుకొని రోడ్డు పక్కన నిలబడితే పోలీసువాళ్లనుకొని బండ్లు నెమ్మదిస్తాయి, మన అంకెలు పాడవుతాయి.

ఏ బండిని కొలవాలి

గుంపుగా వచ్చే బండ్లలో మొదటిదాన్ని మాత్రమే తీసుకోవాలి. ముందు బండికి కనీసం 5 సెకన్ల వెనుక వచ్చేదాన్నే తీసుకుంటే, ఆ వేగం డ్రైవరు సొంతంగా ఎంచుకున్నదని నమ్మవచ్చు. వేగంగా వచ్చే బండిని చూడగానే వాచీ నొక్కాలని మనసు లాగుతుంది. ఆ కోరికను అణచుకోకపోతే మన కాగితం నిండా దూకుడు బండ్లే ఉంటాయి. ముందుగానే "ప్రతి మూడో బండి" అని నిర్ణయించుకొని, అది ఎలా పోతున్నా దాన్నే కొలవండి. ఆ మూడోది గుంపు మధ్యలో ఉంటే విడిచిపెట్టి, తరువాతి మూడోదాన్ని చూడండి.

మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలకు వేరువేరు వరుసలు గీసుకోండి. ఎలక్ట్రిక్ స్కూటర్లకు, ఎలక్ట్రిక్ ఆటోలకు విడిగా వరుస తప్పనిసరి. అవి చప్పుడు లేకుండా వస్తాయి కాబట్టి, చెవి మీద ఆధారపడే పరిశీలకుడు వాటిని చూడకుండానే వదిలేస్తాడు. రోడ్డు దాటే ముసలివాళ్లకు, చూపు లేనివాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న ఎలక్ట్రిక్ బండ్లకు రిజిస్ట్రేషను గానీ లైసెన్సు గానీ అవసరం లేదు. నంబరు పలక లేని ఎలక్ట్రిక్ బండి మీ గీతల మధ్య 25 దాటి పోతే దాన్ని ప్రత్యేకంగా రాసుకోండి.

ఎన్ని బండ్లు కొలవాలన్నది అందరూ అడిగే ప్రశ్న. వేగాల్లో తేడా సాధారణంగా ఉండే రోడ్డు మీద, సగటు నిజమైన దానికి అటూ ఇటూ 2 కిలోమీటర్ల లోపు ఉండాలంటే దాదాపు 60 బండ్లు కావాలి. నేను 100కు తక్కువ ఎప్పుడూ తీసుకోను. ఉదయం బడి వేళ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి విడివిడిగా కొలవండి. మన ఎండలకు మధ్యాహ్నం రోడ్లు ఖాళీ అవుతాయి. ఖాళీ రోడ్డు మీద వేగం పెరుగుతుంది.

లెక్క

లెక్క నేర్చుకోవడానికి మాత్రమే 20 అంకెలు కల్పించి ఇస్తున్నాను. ఇవి ఏ రోడ్డువీ కావు. ప్రతి కాలాన్నీ ముందు వేగంగా మార్చి, తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చాము: 22, 24, 27, 28, 30, 31, 32, 34, 35, 36, 37, 38, 39, 41, 42, 43, 47, 52, 56, 61. కాలాల సగటు తీసి, దాన్ని వేగంగా మార్చకూడదు. ఉదాహరణకు 30తో ఒకటి, 60తో ఒకటి పోయే రెండు బండ్ల వేగాల సగటు 45 కాగా, కాలాల సగటు నుంచి తీస్తే 40 వస్తుంది. ఆ రెండో సంఖ్యకు వేరే ఉపయోగం ఉంది కానీ, ఇక్కడ కాదు.

పై 20 వేగాల సగటు సుమారు 38. చాలామంది ఇక్కడే ఆగి, 38 కిలోమీటర్లే కదా అని ఊపిరి పీల్చుకుంటారు. ఇంజనీర్లు చూసేది 85వ పర్సంటైల్ వేగాన్ని, అంటే నూటికి 85 బండ్లు ఏ వేగానికి మించకుండా పోతున్నాయో ఆ వేగాన్ని. 20లో 85 శాతం 17 కాబట్టి, వరుసలో 17వ అంకె 47. వేగ పరిమితి నిర్ణయించేటప్పుడు ప్రధానంగా చూసే అంకె ఇదే.

38కీ 47కీ తేడా కాగితం మీద చిన్నదిగా ఉంటుంది, రోడ్డు మీద అది ఒక ప్రాణమంత తేడా. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో, ప్రమాదాన్ని చూసి బ్రేకు నొక్కేలోపు డ్రైవరుకు 2.5 సెకన్లు పడుతుందని తీసుకుంటారు. వేగాన్ని 0.278తో (ఇది గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మారుస్తుంది), 2.5తో గుణిస్తే ఆ లోపల బండి పోయే దూరం వస్తుంది. తరువాత, బ్రేకు పడ్డాక ఆగే దూరానికి వేగాన్ని వేగంతోనే గుణించి, 254తోను, రోడ్డు పట్టును చెప్పే ఒక అంకెతోను భాగించాలి. ఆ అంకె 40 కిలోమీటర్లకు 0.38, 50కి 0.37, 60కి 0.36. ఈ లెక్కన 38తో వచ్చే బండి ఆగడానికి సుమారు 41 మీటర్లు కావాలి. 47తో వచ్చేదానికి 56 మీటర్లు, వరుసలో చివరిదైన 61 బండికి 83 మీటర్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లు అయితే, బ్రేకు పడ్డాక పోయే దూరం రెండు రెట్లు దాటుతుంది.

ఇప్పుడు బడి గేటు దగ్గర నిలబడి, మలుపు గానీ నిలిపిన లారీ గానీ అడ్డురాకుండా ఎంత దూరం కనిపిస్తున్నదో టేపుతో కొలవండి. కనిపించే దూరం 50 మీటర్లే అయి, 85వ పర్సంటైల్ వేగానికి 56 మీటర్లు కావలసి వస్తే, మీ అర్జీలో రాయవలసిన వాక్యం అదే.

స్పీడ్ బ్రేకరు వేయించిన చోట కూడా ఇదే కొలత పనికివస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రని హంపు 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి వీలుగా ఉంటుంది. వీధుల్లో అడ్డంగా పోసే మూరెడు వెడల్పు సిమెంటు కట్ట అది కాదు. అది వెన్ను విరుస్తుంది, మోటారు సైకిలును పడేస్తుంది. హంపు వేయకముందు ఒకసారి, వేసిన నెల తరువాత అదే చోట, అదే వేళ మరొకసారి కొలిచి, రెండు 85వ పర్సంటైల్ అంకెలనూ పక్కపక్కన పెట్టండి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని: మీ రోడ్డు మీద 100 బండ్లు కొలిచి, సగటును, 85వ పర్సంటైల్ వేగాన్ని, కనిపించే దూరాన్ని ఒకే పుటలో రాసుకోండి. రోడ్డు వెడల్పును మీటర్లలో కొలిచి, 1.2తో భాగించండి, సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషి దాన్ని దాటడానికి పట్టే కాలం వస్తుంది. 7 మీటర్ల రోడ్డుకు అది దాదాపు 6 సెకన్లు. అంతసేపట్లో 47 కిలోమీటర్ల బండి 76 మీటర్లు వచ్చేస్తుంది. బండ్ల మధ్య ఆ 6 సెకన్ల ఖాళీ గంటలో ఎన్నిసార్లు దొరుకుతున్నదో నాలుగో పాఠంలో కొలుద్దాం.