‘మ్యాగ్నిఫై’ని పిల్లలకు ఎలా చెప్పాలి

బ్రాడీపేటలో మా ఇంటి ముందుగదిలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. పోయిన వారం ఒకమ్మాయి ‘మా వీధి రోడ్డును మ్యాగ్నిఫై చేశారు’ అని రాసింది. ‘పెద్దది చేయు’ అని నేనే బోర్డు మీద రాశాను, అదే నమ్మింది. తప్పు నాది. అందుకే ఇప్పుడు ఈ మాట ఇలా చెబుతున్నాను.

ముందు భూతద్దం తీసి పేపరు మీద పెట్టండి. అక్షరం పెద్దదైందా అని అడగండి. అద్దం తీసేస్తే ఉన్నంతే ఉంటుంది. కంటికి పెద్దగా కనబడేట్టు చేయడమే మ్యాగ్నిఫై. పాస్‌పోర్టు ఫోటోను గోడకు తగిలించేంత సైజు చేయిస్తే ఎన్‌లార్జ్. రోడ్డుకు వైడెన్.

తర్వాత మాటను విరిచి చూపించండి. నాకు ఇష్టమైన ఘట్టం ఇదే, తొందరపడకండి. లాటిన్‌లో ‘మాగ్నుస్’ అంటే గొప్ప, ‘ఫాకెరె’ అంటే చేయడం. ఈ మాగ్నుసూ సంస్కృతం ‘మహత్’తూ ఒకే మూలం నుంచి పుట్టినవి. అంటే మహానగరంలోని ‘మహా’ దీనికి చుట్టమే. చివరి ‘ఫై’ అచ్చం మన ‘పరచు’లా పనిచేస్తుంది: క్లారిఫై అంటే స్పష్టపరచు, ఫార్టిఫై అంటే బలపరచు. పిల్లల చేతే ఇంకో రెండు చెప్పించండి.

ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో వచ్చినప్పుడు ఈ మాటకు అర్థం కొనియాడటం. కటకాలతో పెద్దగా చూపడమనే అర్థం 17వ శతాబ్దంలో చేరింది. పాత అర్థానికి ఉదాహరణగా 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, లూకా సువార్త మొదటి అధ్యాయం 46వ వచనం చదివి వినిపించాను. మరియమ్మ మాట అది. అందులో క్రియ మ్యాగ్నిఫై.

రోడ్డు వాక్యం రాసిన అమ్మాయే చెయ్యెత్తింది. ‘టీచర్, మా చర్చిలో చదువుతాం: నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది.’ ఘనము, పరచు. మాగ్నుస్, ఫాకెరె. ముక్కకు ముక్క సరిపోయింది! ఇన్నేళ్లుగా చెబుతున్నా ఆ పోలిక నాకు తట్టలేదు. బోర్డు మీద నేను రాసిన ‘పెద్దది చేయు’ చెరిపి, ఆ పిల్ల చేతే ‘ఘనపరచు’ అని రాయించాను.

ఇక మిగిలింది గోరంతను కొండంత చేసి చెప్పడం. దానికీ ఇదే క్రియ: చిన్న కష్టాన్ని మ్యాగ్నిఫై చేయకు అంటారు. మూడు అర్థాలకూ సొంతంగా మూడు వాక్యాలు రాయించి, మర్నాడు మళ్లీ అడగండి.