ఎకరం ఆటస్థలంలో గడ్డి నిలవాలంటే ఏం కొనాలి, ఎలా వాడాలి?

బడి మైదానం కానీ, కాలనీ సంఘం ఫుట్‌బాల్ గ్రౌండ్ కానీ, అద్దెకిచ్చే క్రికెట్ గ్రౌండ్ కానీ, హైదరాబాద్‌లో గడ్డి పాడైన చోట చాలావరకు ఒకటే కథ. ముందు ఖరీదైన గడ్డి మిషన్ కొంటారు, తర్వాత ఎరువు బస్తాలు దింపుతారు, ఏప్రిల్ వచ్చాక నీళ్ల సంగతి గుర్తొస్తుంది. డబ్బు పోవాల్సిన వరుస వేరు. ముందు నీళ్లు, తర్వాత పదునైన బ్లేడు, ఆపైన మట్టిని గుల్ల చేసే పని, ఇసుక. ఎరువు వాటి తర్వాతే. పురుగుమందులు అన్నిటికన్నా చివర.

ఇక్కడి లెక్కలన్నీ బెర్ముడా గడ్డికి, అంటే మన గరిక జాతికి. ‘టిఫ్‌వే 419’ లాంటి హైబ్రిడ్ రకమైనా, మామూలు గరికైనా పద్ధతి ఒకటే. ఇళ్ల ముందు వేసే కొరియన్, మెక్సికన్ గడ్డి చూడ్డానికి బాగుంటుంది కానీ, బూట్ల కింద చిరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆటకు దాని జోలికి పోకండి.

మొదట కొలత: గుంటల్లో లెక్క

ఏ సామాను కొన్నా ఎంత వేయాలో తెలియాలంటే విస్తీర్ణం తెలియాలి. మన దగ్గర గుంట లెక్క దీనికి భలే కలిసొస్తుంది. గుంట అంటే 121 గజాలు, సుమారు 100 చదరపు మీటర్లు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు తాడుతో కొలిస్తే ఒక గుంట. ఎకరానికి 40 గుంటలు. ఒక గుంటలో సరిగ్గా చేయడం వస్తే మిగతాదంతా గుణకారమే.

మట్టిని కూడా అప్పుడే చూడండి. ముందు రోజు తడిపిన చోట పొడవాటి స్క్రూడ్రైవర్‌ను చేత్తో గుచ్చండి. 12 నుంచి 15 సెం.మీ. దిగితే మట్టి బాగున్నట్టు. 5 సెం.మీ. దగ్గరే ఆగిపోతే మట్టి గట్టిపడింది, వేర్లు కూడా అక్కడే ఆగుతాయి. గోల్ ముందు, బౌలర్లు పరుగెత్తే దారి, గేటు నుంచి అడ్డంగా నడిచే బాట, ఈ మూడు చోట్లా విడివిడిగా గుచ్చి చూడాలి. నగరంలో ఒకచోట ఎర్ర చెల్క, ఇంకోచోట నల్ల రేగడి, కొన్ని చోట్ల చదును కోసం పోసిన మొరం ఉంటాయి. ఒకే మైదానంలో రెండు రకాలు ఉండటం కూడా మామూలే.

నీళ్లు: మి.మీ. లెక్క వస్తే సగం పని అయినట్టే

చదరపు మీటరు మీద 1 మి.మీ. నీరంటే 1 లీటరు. ఎండాకాలంలో రోజుకు 6 మి.మీ. చొప్పున కావాలనుకుంటే గుంటకు 600 లీటర్లు, ఎకరానికి 24 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఐదు, అదీ ఒక్క రోజుకు! ట్యాంకర్లను నమ్ముకుని ఎకరం గడ్డి పెంచడం కుదరదని ఈ లెక్కే చెబుతుంది. బోరు, లేదా పక్క అపార్ట్‌మెంట్ల నుంచి శుద్ధి చేసిన మురుగునీరు ఉంటేనే మొదలుపెట్టండి. శుద్ధి చేసిన నీరైతే ఆటకు చాలా ముందే పెట్టి, ఆకు ఆరాకే పిల్లల్ని వదలాలి.

కొనాల్సినవి: స్ప్రింక్లర్లు లేదా చిన్న రెయిన్‌గన్ (దూరం దాకా నీళ్లు చిమ్మే పెద్ద స్ప్రింక్లర్), ఫిల్టర్, ప్రెషర్ గేజ్. గేజ్ ధర తక్కువే, కానీ దాన్ని ఎవరూ కొనరు. ప్రెషర్ చాలకపోతే నీళ్లు గుండ్రంగా వలయంలా పడి మధ్యలో ఎండిపోతుంది. ఎక్కువైతే తుంపరగా మారి గాలికి పోతుంది. స్ప్రింక్లర్ పెట్టెమీద రాసిన ప్రెషర్ నాజిల్ దగ్గర అందుతోందో లేదో చూడాలి, మోటారు దగ్గర కాదు.

నీళ్లు సమంగా పడుతున్నాయో తెలుసుకోవడానికి నిలువు గోడలున్న ఒకే సైజు డబ్బాలు తొమ్మిది తీసుకుని అక్కడక్కడా పెట్టి, 15 నిమిషాలు వదలండి. స్కేలుతో లోతు కొలవండి. సగటున 4 మి.మీ. పడితే 6 మి.మీ. కోసం 22 నిమిషాలు చాలు. ఏ డబ్బాలోనైనా మిగతావాటిలో సగమే పడితే నాజిల్ పూడుకుపోయిందేమో చూడండి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నాజిళ్లకు తెల్లగా పేరుకుంటుంది. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. గుండుసూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై నీటి తీరే మారిపోతుంది.

రోజూ కొద్దికొద్దిగా చల్లితే వేర్లు పైపైనే ఉండిపోతాయి. ఎర్ర చెల్కలో రెండు రోజులకోసారి, రేగడిలో మూడు రోజులకోసారి, అన్ని రోజుల నీళ్లూ కలిపి లోతుగా పెట్టండి. సమయం తెల్లవారుజామున. వానాకాలంలో సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగుళ్లు వస్తాయి.

గడ్డి మిషన్: ఏది కొనాలి?

ఎకరానికి 21 అంగుళాల రోటరీ మోవర్ (కింద ఫ్యాన్‌లా అడ్డంగా తిరిగే బ్లేడున్న గడ్డి మిషన్) సరిపోతుంది. కొద్దిగా ఒకదాని మీద ఒకటి పడేలా కోస్తే ఎకరానికి ఎనిమిది కిలోమీటర్లకు పైగా నడక, రెండున్నర మూడు గంటల పని. కాబట్టి చక్రాలు తనంతట తాను తిరిగే రకం తీసుకోండి, నెట్టే రకం వద్దు. బ్రష్ కట్టర్ (భుజానికి తగిలించుకుని కోసే మిషన్) అంచులకు, కంచె పక్కకు మాత్రమే. దాంతో మైదానమంతా కోస్తే ఎత్తు ఒకచోట రెండు సెం.మీ., ఇంకోచోట ఐదు ఉంటుంది, బంతి దారి తప్పుతుంది.

ఫుట్‌బాల్‌కు 25 నుంచి 30 మి.మీ. ఎత్తు ఉంచితే రోటరీ చాలు. క్రికెట్ అవుట్‌ఫీల్డ్‌ను 15 మి.మీ. దాకా దించాలంటే రీల్ మోవర్ కావాలి. దాంట్లో తిరిగే బ్లేళ్లు కింద బిగించిన బ్లేడును ఒరుసుకుంటూ కత్తెరలా కోస్తాయి. అయితే రీల్‌కు రాయి తగిలితే బ్లేడు నొక్కుకుపోతుంది. మొరం రాళ్లు పైకి తేలే మైదానంలో రీల్ కొనడమంటే మరమ్మతు ఖర్చు కొనుక్కోవడమే. ముందు రాళ్లన్నీ ఏరించి, రెండు మూడుసార్లు ఇసుక వేసి చదును చేశాకే ఆ ఆలోచన.

ఎంత తరచుగా కోయాలి? ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. 30 మి.మీ. ఉంచాలనుకుంటే 45 అయ్యేలోపే కోయాలి. జులై, ఆగస్టుల్లో అది నాలుగైదు రోజులకోసారి వస్తుంది, డిసెంబరు చలిలో పదిహేను రోజులకోసారి. సెలవుల్లో మోకాలెత్తు పెరగనిచ్చి ఒకేసారి గొరిగితే కింద పసుపు కాడలు మాత్రమే మిగులుతాయి. అలా పెరిగిపోతే మిషన్ ఎత్తు పెంచి, వారం వ్యవధిలో మూడు విడతలుగా దించండి.

బ్లేడు పదును చూడ్డానికి మిషన్ తిప్పి చూడక్కర్లేదు. కోసిన మర్నాడు ఒక ఆకు తెంపి కొన చూడండి. కొన సూటిగా, పచ్చగా ఉంటే పదునుంది. పీచులు పీచులుగా చిరిగి, తెల్లబడి ఉంటే లేదు. దూరం నుంచి చూస్తే మైదానమంతా బూడిద పూసినట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. రోటరీ బ్లేడుకు 20 గంటల పనికోసారి, రాళ్ల నేలలో ఇంకా ముందే సాన పట్టించాలి. తర్వాత బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించండి. ఒక వైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. లేకపోతే అదురుడుకు ఇంజన్ బేరింగులు పోతాయి. రీల్ అయితే సన్న కాగితం ముక్కను బ్లేళ్ల మధ్య పెట్టి రీల్‌ను జాగ్రత్తగా తిప్పండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా కాగితం తెగాలి. రీల్ సాన మామూలు సాన బండి పని కాదు, బాలానగర్ వైపు లేత్ షాపుల్లో అడగండి. బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ వైరు తీయడం మరవొద్దు.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో మొదటి ఆయిల్ ఐదు గంటల పనికే మార్చాలి, తర్వాత 50 గంటలకోసారి. బ్రష్ కట్టర్ టూ స్ట్రోక్ అయితే పెట్రోల్, ఆయిల్ పాళ్లు కంపెనీ పుస్తకంలో చూసి కలపండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. నెలకు మించి మిషన్ ఆపేస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపండి. సీజన్ మొదట్లో స్టార్ట్ కాని మిషన్లలో ఎక్కువ భాగం కార్బురేటర్ జిగట వల్లే.

మట్టి గుల్ల చేయడం, ఇసుక

అందరూ దాటవేసే పని ఇది. గడ్డపారతో పొడిస్తే రంధ్రం పడుతుంది కానీ, చుట్టూ మట్టి ఇంకా నొక్కుకుపోతుంది. కావాల్సింది బోలు పళ్ల ఏరేటర్. 12 మి.మీ. లావు మట్టి ముక్కలను లోపలి నుంచి తీసి పైన పడేస్తుంది. లోతు 7 నుంచి 10 సెం.మీ., రంధ్రానికి రంధ్రానికి మధ్య 5 సెం.మీ. ఏడాదికి ఒకటి రెండుసార్లే వాడతారు కాబట్టి కొనడం దండగ, అద్దెకు తెచ్చుకోవడం నయం. గోల్ ముందు చిన్న చోటుకైతే తొక్కి దింపే బోలు పళ్ల ఫోర్క్ చాలు.

బయటపడ్డ మట్టి ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లటి వేర్లు చివరిదాకా ఉంటే మంచిది. రెండు సెం.మీ. దగ్గరే ఆగి, కింద మట్టి పలకలా మెరుస్తుంటే ఏడాదికి రెండుసార్లు గుల్ల చేయాల్సిందే.

దీనికి అనువైన కాలం జూన్. నైరుతి వానలు నగరానికి సాధారణంగా రెండో వారంలో వస్తాయి, గరిక విరగబడి పెరుగుతుంది, మూడు నాలుగు వారాల్లో మచ్చలు పూడిపోతాయి. బడి మైదానాలైతే తెరిచే ముందే, జూన్ మొదటి వారంలో, నీళ్లు పెట్టి పని ముగించాలి. మట్టి తేమ ముఖ్యం. గుప్పిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తాకితే విరగాలి. జిగురుగా అంటుకుంటే ఆగండి. తడి రేగడిలో పళ్లు దింపితే రంధ్రం గోడలు అలికినట్టు మూసుకుపోతాయి.

ఇసుక 3 మి.మీ. మందం వేయాలంటే గుంటకు 300 లీటర్లు, అంటే పది పదకొండు ఘనపుటడుగులు. ఎకరానికి 12 ఘనమీటర్లు, సుమారు 19 టన్నులు. అంత ఖర్చు పెట్టలేకపోతే అరిగిన చోట్లకే వేయండి. 2 మి.మీ. జల్లెడలో పడే ఏటి ఇసుక మేలు. కడగని ఎం-శాండ్‌లో (రాళ్లు నలగ్గొట్టి చేసే ఇసుక) రాతిపొడి ఉంటుంది, తడిసి ఆరితే సిమెంట్‌లా బిగుస్తుంది. కొనే ముందు సీసాలో గుప్పెడు ఇసుక, నీళ్లు పోసి ఊపి వదిలేయండి. నిమిషం తర్వాత కూడా నీళ్లు బురదగా ఉండి, కాసేపటికి ఇసుక పైన మందంగా ఒండ్రు పేరుకుంటే ఆ లోడు తిప్పి పంపండి.

మట్టి ముక్కలు ఏరేసి, పొడి ఇసుక పోసి, పాత కంచె జాలీ ముక్కను తాడుతో లాగితే ఇసుక రంధ్రాల్లోకి దిగుతుంది. గడ్డి కొనలు పైకి కనిపించాలి, పూర్తిగా కప్పేస్తే కుళ్లుతుంది. గుల్ల చేయకుండా ఉత్త ఇసుక పరిస్తే పొరలు ఏర్పడి నీళ్లు మధ్యలో నిలుస్తాయి. ఇసుక మీద మళ్లీ ఎర్రమట్టి పోయడం అంతకన్నా తప్పు.

ఎరువు

ఒక విడతకు చదరపు మీటరుకు రెండున్నర గ్రాముల నత్రజని మించొద్దు. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి గుంటకు 540 గ్రాములు, ఎకరానికి 45 కిలోల బస్తాలో దాదాపు సగం. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి వేయండి. చలిలో ఆపేయండి. అక్టోబరు ఆఖర్లో, మళ్లీ మార్చిలో గుంటకు 400 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేస్తే ఎండకు, తొక్కుడుకు తట్టుకుంటుంది. ఉప్పు బోరు నీళ్లున్న చోట మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ (క్లోరైడ్ ఉండే పొటాష్ ఎరువు) కన్నా ఇదే నయం.

చేత్తో చల్లితే వారం తిరిగేసరికి పులి చారలు కనిపిస్తాయి. తోసుకెళ్లే స్ప్రెడర్ కొనండి. కొలిచిన గుంటలో 270 గ్రాములు పోసి నడవండి. చివరిదాకా రాకముందే అయిపోతే రంధ్రం తగ్గించాలి. మిగతా 270 గ్రాములు అడ్డంగా నడుస్తూ చల్లండి. స్ప్రెడర్‌లో ఎరువు నింపేది గడ్డి మీద కాదు, బయట టార్పాలిన్ మీద. ఒలికిన చోట గడ్డి మాడిపోతుంది. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి.

కలుపు, పురుగు

తుంగను పీకితే కింది గడ్డలు తెగి, ఒకటి ఉన్నచోట నాలుగు లేస్తాయి. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు గరికను చంపకుండా తుంగను లొంగదీస్తుంది. ఎకరానికి 36 గ్రాములే కాబట్టి వంటింటి చెంచాతో కాకుండా చిన్న ఎలక్ట్రానిక్ కాటాతో తూచండి. 16 లీటర్ల స్ప్రే పంపు, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్, గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. కలుపు మందు పంపు వేరు, పురుగుమందు పంపు వేరుగా ఉంచి పెయింట్‌తో రాయించండి. కొట్టిన రోజు పిల్లల్ని మైదానంలోకి రానివ్వొద్దు.

గోరింకలు ఒకేచోట గుమిగూడి పొడుస్తుంటే కింద పురుగు ఉన్నట్టు. పది లీటర్ల నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చదరపు మీటరులో పోయండి. లద్దె పురుగులైతే పది నిమిషాల్లో పైకి వస్తాయి. వేరుపురుగు ఇలా రాదు. జానెడు చదరంలో గడ్డిని కోసి, చాపలా ఎత్తి చూడాలి.

గీతలు

తెల్ల చాక్ పొడి లేదా నీటి ఎమల్షన్ పెయింట్ వాడండి. సున్నం వద్దు, పడిపోయిన ఆటగాడి కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. మూలలు సరిగ్గా రావాలంటే తాడుతో 6, 8, 10 మీటర్ల త్రిభుజం వేయాలి. ఫుట్‌బాల్ గీత వెడల్పు 12 సెం.మీ. మించకూడదు.

ఫంక్షన్ల తర్వాత

బతుకమ్మ, బడి వార్షికోత్సవం, పెళ్లి విందు, ఏది జరిగినా మర్నాడు పొద్దున్నే తాడుకు కట్టిన అయస్కాంతం పట్టీని మైదానమంతా లాగించండి. షామియానా మేకులు, బైండింగ్ తీగలు దానికి అంటుకుంటాయి. ఆ తర్వాతే మోవర్. కూర, నూనె ఒలికిన చోట సబ్బు నీళ్లతో కడిగి బాగా నీళ్లు పెట్టాలి. కర్రలు పాతిన గుంతలను మట్టితో కాదు, ఇసుకతో పూడ్చండి.

గడ్డి పూర్తిగా పోయిన చోట అతికించడానికి మైదానం మూలన ఒక గుంటలో అదే రకం గడ్డిని నారుమడిగా పెంచి ఉంచుకోండి. రెండు మూడు కణుపులున్న కాడలు తెంపి, చేత్తో పది సెం.మీ.కు ఒకటి నాటి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా నొక్కండి. మొదటి పది రోజులు రోజుకు రెండు మూడుసార్లు తడపాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాటినవి నాలుగైదు వారాల్లో అల్లుకుంటాయి. డిసెంబరులో నాటితే మార్చి దాకా కదలవు, అందుకే చలికాలంలో పాడైన గోల్ ముందు భాగానికి తాడు కట్టి, గోల్ పోస్టులను నాలుగు మీటర్లు పక్కకు జరపడమే పని.