మేకలు తిరిగే గుట్టలో చెట్టు నిలవాలంటే

చిత్తూరు పక్క గుట్టల్లో విత్తనం మొలవక కాదు, మొలిచింది వేసవి దాటకే చెట్టు కరువవుతోంది. ఆరుద్ర కార్తెలో ఒక పదును వాన పడగానే వేప, చిగర, తుమ్మ గింజలు లేస్తాయి. మఖలో మూడు వారాలు చుక్క రాలకపోతే వేలెడు వేరున్న మొలక అక్కడే మాడిపోతుంది. స్వాతి వానకు లేచినవాటికి ఎండలు ముదిరేలోపు వేరు దించుకునే వ్యవధి తక్కువ. రెండు రుతుపవనాలూ తెరిపి ఎక్కువ లేకుండా కురిసిన ఏడే మొలకలు గుంపుగా నిలుస్తాయి. అలాంటి ఏడు నుంచి రెండు మూడేళ్లు గట్టి కాపలా పెట్టండి. ఏటా మేకలను తరిమితే మేపేవాళ్లతో తగువు తప్ప మిగిలేది లేదు.

వాన లెక్కకు నిలువు గోడల డబ్బా, స్కేలు చాలు. 20 మిల్లీమీటర్లు నిలిస్తే చదరపు మీటరుకు 20 లీటర్లు పడ్డట్టు. తేదీ వేసి రాసుకోండి. నెల మొత్తం కంటే రెండు వానల మధ్య ఎడం ముఖ్యం.

విత్తనం కంటే మోడు నమ్మకం. లోతు వేరు ముందే ఉంది కాబట్టి వాన తప్పినా పిలకలు వేస్తుంది. మేకలు కొరికి కొరికి అది మోకాలెత్తున చీపురుకట్టలా ఆగిపోయి కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో, కొత్త చిగురుకు ముందే కత్తి పట్టండి. నేలకు దగ్గరగా పుట్టి నిటారుగా ఉన్న పిలకలు రెండో మూడో ఉంచి, తక్కినవి మొదలు దగ్గర ఏటవాలుగా కోయండి. మోడు పైఅంచున పుట్టినవి గాలికి ఊడిపోతాయి, ఉంచకండి. ఉంచినవాటికి కింది సగంలో కొమ్మలు తీయండి. మొండి కత్తితో బెరడు చీలితే ఆ గాయం పుచ్చుతుంది. ఇదంతా పట్టా భూమికి, ఊరి బీడుకు. ఎర్రచందనం మీద మాత్రం పట్టాలో ఉన్నా అనుమతి లేకుండా కత్తి పెట్టొద్దు.

చుట్టూ రేగు కంప ఒత్తుగా పేర్చండి. మేక వెనక్కాళ్ల మీద లేస్తే మనిషి తలెత్తు దాకా అందుకుంటుంది, కాబట్టి చిగురు 2 మీటర్లు దాటేదాకా కంప ఉండాల్సిందే. చెదలు పట్టి ఆ కంప కూలుతుంది. రెండో వేసవికి కొత్త కంప వేయక చాలామంది పోగొట్టుకుంటారు.

ఆవు ముందు గడ్డి చూస్తుంది, మేక చిగురు చూస్తుంది. జూన్ నుంచి డిసెంబరు దాకా రెంటినీ ఆపి, గడ్డి గింజ రాలాక జనవరిలో ఆవులను తోలండి. బొత్తిగా మేపకపోతే మొలకల నీళ్లు గడ్డే తాగేస్తుంది, మార్చిలో నిప్పు పడితే అన్నీ పోతాయి. వానాకాలంలో తోలక తప్పకపోతే పెద్దవాన మర్నాడు మాత్రం వద్దు. తడి నేల గిట్టల కింద గట్టిపడి తర్వాతి వాన ఇంకదు.

మేకతో లాభమూ ఉంది. తుమ్మకాయ తిని నెమరేస్తూ ఉమ్మిన గింజ గట్టి పొట్టు మెత్తబడి తొందరగా మొలుస్తుంది. దొడ్లో ఊడ్చి తొలకరికి చల్లండి. వేపగింజ దాస్తే చస్తుంది, పండు రాలిన రెండు మూడు వారాల్లోనే చల్లాలి. సర్కారు తుమ్మ కూడా మేక కడుపులోంచే దిగుతుంది. రెండాకుల నాడే వేరుతో పీకేయండి, ముదిరాక నరికితే మోడు నుంచి మళ్లీ లేస్తుంది.