పిండి ముద్ద, పేపర్ కప్పులు, చిటికెడు ఓపిక: పిల్లలతో ఇంట్లోనే ఆటవస్తువులు ఎలా చేయాలి?

బయట వాన. టీవీ కట్టేశాం. పది నిమిషాలు గడవకముందే కాళ్లకు అడ్డం పడుతూ "నేనేం చెయ్యను?" అని మొదలవుతుంది. అలాంటి పూటలకు మా ఇంట్లో పనికొచ్చిన మూడు ఆటలు ఇక్కడ రాస్తున్నాను. ఇవి మూడేళ్లు దాటిన పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్లు ఏది దొరికినా నోట్లోనే పెడతారు. టాయిలెట్ పేపర్ రోల్ లోపల ఉండే అట్ట గొట్టంలో పట్టేంత చిన్న వస్తువేదీ వాళ్ల చేతికి ఇవ్వకపోవడం మంచిది.

పిండి ముద్ద

పొయ్యి వెలిగించే పని లేదు. మైదా రెండు కప్పులు, మెత్తని ఉప్పు ఒక కప్పు, నూనె రెండు పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్లు ముప్పావు నుంచి ఒక కప్పు, నాలుగైదు చుక్కల ఫుడ్ కలర్ చాలు.

1. నేల మీద పాత పేపర్లు పరిచి, వెడల్పాటి గిన్నెలో మైదా, ఉప్పు పోయండి. పొడిగా కలిపే పని పిల్లలదే. కొంత కింద పడుతుంది, పడనివ్వండి.

2. రంగును నీళ్లలోనే కలిపేయండి. ముద్ద అయ్యాక వేస్తే చారలు చారలుగా ఉండిపోతుంది, చేతులు కూడా రంగు పట్టేస్తాయి.

3. పిండిలో నూనె వేసి, రంగు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. నేను మొదటిసారి కప్పు నీళ్లూ ఒక్కసారే గుమ్మరించాను. ముద్ద బదులు జారుడు పిండి తయారైంది. దాన్ని గట్టిపరచడానికి ఇంకో కప్పున్నర మైదా ఖర్చయింది.

4. ఐదు నిమిషాలు బాగా పిసకండి. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలికి అంటకూడదు. అంటుతుంటే ఒక చెంచా మైదా చల్లండి. పగుళ్లు వస్తుంటే చెయ్యి తడి చేసుకుని పిసకండి.

ఉప్పు అంత ఎందుకంటే, ముద్ద తొందరగా పాడవకుండా ఆపేది అదే. నాలుకకు ఒకసారి తగిలితే చాలామంది పిల్లలు మళ్లీ రుచి చూడరు కూడా. అయినా పచ్చి పిండి తినే వస్తువు కాదు కాబట్టి పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఇంట్లో కుక్క ఉంటే ఇంకా జాగ్రత్త, అంత ఉప్పు దానికి ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లల చేతి మీద చిన్న గీత ఉన్నా ఉప్పు మంటకు ఏడుస్తారు, ముందే చూసుకోండి. ఆట అయ్యాక గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు ఆడుకోవచ్చు. వాసన వచ్చినా, బూజు కనబడినా పారేయడమే.

ఈ ముద్దల కథ తమాషాగా ఉంటుంది. 1956లో ఆటవస్తువుగా అమ్మకానికి వచ్చిన ప్లే-డో, అంతకుముందు వాల్‌పేపర్ మీద పేరుకున్న బొగ్గు మసిని తుడిచే ముద్ద!

సరే, ముద్ద సిద్ధం. పెద్దవాళ్లం తప్పు చేసేది ఇక్కడే. మా అమ్మాయికి మొదటి రోజు నేనే కూర్చుని ఏనుగును చేసిచ్చాను. చెవులు, తొండం, చిన్న తోకతో సహా. చూసింది, అరచేత్తో ఒక్కటి చరిచింది, "మళ్లీ చెయ్యి అమ్మా" అంది. అరగంటలో ఆరు ఏనుగులు చేశాను. అది మాత్రం ముద్దను ముట్టుకోలేదు. మర్నాడు బొమ్మలు చేయడం మానేసి, పక్కన ఒక ఫోర్కు, పాత దువ్వెన, సీసా మూత, చెట్టు ఆకు పెట్టి నా పని నేను చూసుకున్నాను. ఆకును ముద్ద మీద నొక్కి నెమ్మదిగా లాగితే ఈనెలన్నీ అచ్చు పడ్డాయి. ఆ రోజు అది పిలవకుండానే నేను వెళ్లి చూడాల్సి వచ్చింది. బొమ్మ చేసివ్వకండి, సామాను అందుబాటులో పెట్టండి.

కప్పుల టెలిఫోన్

రెండు పేపర్ కప్పులు, నాలుగైదు మీటర్ల నూలు దారం తీసుకోండి. ఒక్కో కప్పు అడుగున మధ్యలో పెన్సిల్ మొనతో సన్నని చిల్లు పెట్టండి, ఇది పెద్దల పని. దారం కొసను బయటి నుంచి లోపలికి దూర్చి, అగ్గిపుల్ల ముక్కకు ముడివేస్తే జారిపోదు. రెండో కప్పుకూ అంతే.

ఇద్దరూ చెరో కప్పు పట్టుకుని దారం బిగుతుగా అయ్యేదాకా వెనక్కి నడవాలి. ఒకరు కప్పులో గుసగుసగా మాట్లాడితే రెండోవారు చెవికి ఆనించుకుని వినాలి. మాటకు కప్పు అడుగు వణుకుతుంది, ఆ వణుకు దారం వెంట అవతలి కప్పు అడుగుకు చేరుతుంది. "వినబడట్లేదు" అని అరుస్తున్నారంటే, దారం వదులైందేమో, గోడ మూలకో ఎవరి వేలికో తగులుతోందేమో చూడండి. అసలు వెంటనే సరిచేయకుండా, ఎందుకు వినబడట్లేదో వాళ్లనే కనిపెట్టమనండి. నూలు దారం బదులు ఉన్ని దారం కడితే ఏమవుతుందో కూడా చూడొచ్చు. పొడవు దారం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఆట అయిపోగానే తీసి పైన పెట్టేయండి.

గట్టి నీళ్లు

ఇది చెప్పడం కంటే చేయడం తేలిక. వెడల్పాటి గిన్నెలో రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్ పోసి, ఒక కప్పు నీళ్లు నెమ్మదిగా కలపండి. పిడికిలితో గట్టిగా గుద్దితే రాయిలా ఉంటుంది. వేలిని మెల్లగా పెడితే లోపలికి జారిపోతుంది. గుప్పిట్లో నొక్కి ఉండ చేస్తే నిలుస్తుంది, గుప్పిట తెరవగానే కారిపోతుంది. వీడియోల్లో కనబడే, బోరాక్స్ అనే రసాయనంతో చేసే సాగే జిగురు ముద్ద (స్లైమ్) కంటే చిన్నపిల్లలకు ఇదే నయం.

ఒకటే షరతు: మిగిలింది సింక్‌లో పోయకండి. గొట్టంలో అడుగున పేరుకుని నీళ్లు పోకుండా అడ్డుపడుతుంది. ట్రేలో పోసి ఆరనిచ్చి, పొడిగా అయ్యాక చెత్తబుట్టలో వేయండి. మైదా ముద్ద కార్పెట్‌కు అంటుకున్నా అంతే. తడి గుడ్డతో రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. రాత్రంతా ఎండనిచ్చి పొద్దున బ్రష్‌తో దులపండి, పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది.